బొమ్మలకీ వయసొస్తుంది

వారంలో మూడు రోజులు జైలు, మూడు రోజులు ఇంట్లో బొమ్మలు, మిగిలిన ఒక్క రోజూ బట్టలు ఉతుక్కోవడం, ఇల్లు దులుపుకోవడం. ఆవిడ పెట్టుకున్న పద్ధతి ఇది. పద్ధతి బాగానే ఉంది గానీ, అలా జరిగిన వారం ఒక్కటీ లేదు. జైలు రోజులు బుద్ధిగా జైలుకే పోయేవి. బొమ్మల రోజుల్లోకే ఎప్పుడూ ఏదో ఒకటి దూరేది. ఒకసారి జైలుకి ఎవరో పెద్దాయన వస్తున్నాడు, గోడమీద బొమ్మ కావాలని కబురు. ఇంకోసారి ఆడపడుచు మోకాలికి ఆపరేషను. ఇవేవీ లేని రోజున ఆవిడకే బుర్ర పనిచేసేది కాదు. ముందురోజు జైలు క్లాసులో ఎవడో ఖైదీ గీసిన చెయ్యి వంకరగా వచ్చింది, దాన్ని ఎలా సరిచేయించాలా అని ఆలోచిస్తూ తన కాన్వాసు ముందు కూర్చుని, కుంచె ఎండిపోయేదాకా అలాగే ఉండిపోయేది.

కింద భర్తకి ఫ్రేముల షాపు. పైన ఒక గది ఆవిడ బొమ్మలకి. రంపం చప్పుడు, జిగురు వాసన, అద్దం కోసేటప్పుడు పళ్ళు జివ్వుమనిపించే ఆ గీరుడు, అన్నీ మెట్లెక్కి పైకి వస్తూనే ఉండేవి. బజార్లో ఆయన్ని ఫ్రేములాయన అంటారు. ఆవిణ్ణి ఫ్రేములాయన భార్య అంటారు. పెళ్ళికి ముందు నుంచే బొమ్మలు వేస్తున్నా ఆవిడకి బజార్లో ఇంకో పేరు రాలేదు. జైల్లో మాత్రం తన పనినిబట్టి పిలిచేవారు. టీచరమ్మ అనేవారు.

జైలు గేటు దగ్గర సంచి విప్పి చూపించాలి. పెన్సిళ్ళు లోపలికి వెళ్ళేటప్పుడు ఎన్నో, బయటికి వచ్చేటప్పుడూ అన్నే ఉండాలి. చెక్కుకునే బ్లేడు పనికిరాదు గనక గేటు దగ్గరి వార్డరే అన్నీ చెక్కి ఇచ్చేవాడు. ఆయనకి ఆ పని మీద మోజు ఎక్కువై, ములుకులు సూదుల్లా చేసి పెడితే, కాగితం మీద ఆనించగానే పుటుక్కుమనేవి. నూనె రంగులూ, వాటిని పలచన చేసే నూనెలూ రానివ్వరు. బొగ్గుకడ్డీలు, నీళ్ళ రంగులు, పొట్టిగా కోసిన కుంచెలు, అంతే. క్లాసు జరిగే గది ఒకప్పుడు సబ్బుల స్టోరు. ఎంత కడిగినా ఆ ఘాటు పోలేదు. ఫ్యాను తిరిగే గది కాబట్టి కొందరు గాలికోసం వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళలో సగం మంది ఊరికే కూర్చోలేక ఏదో ఒకటి గీసేవాళ్ళు. ఆ ఏదో ఒకటి మొదట్లో చెట్టో, లారీనో అయినా, కొన్నాళ్ళకి తప్పకుండా ఒక మొహమయ్యేది.

ఆ మొహాలన్నీ గోడమీద ఉండేవి. దూరమైన మనిషిని బెంగతో వేస్తే, ఆ మనిషితో పాటు బొమ్మకీ వయసొస్తుంది. పిల్లలైతే ఎదుగుతారు, పెద్దవాళ్ళయితే నెరుస్తారు. జలుబు చేస్తే ముక్కు ఎర్రబడుతుంది. క్లాసుకి రాగానే ఎవరికి వాళ్ళు గోడ దగ్గరికి వెళ్ళి తమవాళ్ళని ఓసారి చూసుకుని, "మా అమ్మ మళ్ళీ పన్ను పీకించుకుందిరా", "మావాడు గుండు కొట్టించుకున్నాడు, వేసవి కదా" అని చెప్పుకుని, ఆ తర్వాత పనిలో పడేవాళ్ళు. ఫ్రేములాయన అప్పుడప్పుడు మిగిలిన చెక్కలతో ఆ బొమ్మలకి ఉచితంగా ఫ్రేములు చేసి పంపేవాడు. చిన్నపిల్లల బొమ్మ అయితే నాలుగు పక్కలా ఖాళీ వదిలి కట్టేవాడు. "ఎదిగే పిల్లలకి గౌను కుట్టించినట్టే. కాస్త వదులుగా ఉండాలి" అనేవాడు.

వంటశాలలో పనిచేసే ఒకాయన తన భార్యని వేసుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆమెని రోజూ చూసుకునేవాడు. ఒకరోజు క్లాసుకి వచ్చి, బొమ్మ ముందు నిలబడి, కదలకుండా ఉండిపోయాడు. "ఏమైంది?" అని అడిగింది టీచరు.

"మొన్నటి జడే ఉందమ్మా. మొన్నటి జాకెట్టే" అన్నాడు.

 మరుసటి క్లాసుకి కూడా అదే జడ, అదే జాకెట్టు. ఆ వారం చివర్లో ఆఫీసుకి కబురొచ్చింది గానీ, అప్పటికే ఆయన ఏడ్చి ఊరుకున్నాడు. పోయినవాళ్ళ బొమ్మలు అలాగే ఆగిపోతాయి. టీచరు తన తల్లి పోయాక ఆమె బొమ్మ ఒకటి వేసింది. అది వేసినప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ ఒక్కటి తప్ప, సొంత కాన్వాసుల మీద ఆవిడ మనుషుల్ని వేసేది కాదు. కుర్చీలు, తలుపులు, ఆరేసిన బట్టలు, కారే కొళాయి. ఎండ గోడమీద పడే తీరు ఆవిడకి బాగా తెలుసు. నగరంలో ఉన్న పెద్ద గ్యాలరీ యజమానురాలు ఒకసారి వచ్చి అన్నీ తిరగేసి, "చాలా చక్కగా ఉన్నాయండీ. కాకపోతే ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెళ్ళినట్టుంటుంది" అంది. ఆ మాట ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. జైల్లో పెన్సిలు సరిగ్గా పట్టుకోవడం రానివాడి బొమ్మ కూడా దగ్గుతుంది, నవ్వుతుంది, చిక్కిపోతుంది. తనవి మాత్రం గోడకి కొట్టిన మేకుల్లా ఉన్నచోటే ఉంటాయి. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, భర్తతో తప్ప.

"నువ్వు ఎవరికోసమూ బెంగపెట్టుకోలేదేమో. నేను రోజూ కళ్ళముందే ఉన్నానాయె" అన్నాడాయన, మేకులు పళ్ళమధ్య పట్టుకుని.

"ఓ నెల ఎక్కడికైనా వెళ్ళండి మరి."

"వెళితే అద్దాలు ఎవరు కోస్తారు?"

అంతమాట అన్నా, ఆ గ్యాలరీ ఆవిడే ఆ ఏడాది కబురు పెట్టింది. పెద్ద హాలు ఒక నెలపాటు ఇస్తానంది. గోడలన్నీ నిండాలి, కొత్త బొమ్మలే కావాలి. టీచరు రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళి, వచ్చే నెల నుంచి రాలేనని చెప్పేసింది. ఆయన మంచి మనిషే. "మీ సొంత పని కూడా ఉంటుంది కదా మేడమ్. ఇంకొకరు దొరికేదాకా మాత్రం వస్తూ ఉండండి" అన్నాడు. క్లాసులో కూడా చెప్పింది. పెన్సిళ్ళు ఆవేళ అడక్కుండానే అన్నీ తిరిగొచ్చాయి.

ఆ క్లాసులో అందరికంటే పాత విద్యార్థి ఒక వడ్రంగి. జీవితఖైదు. బయట ఉన్నప్పుడు బావమరిదితో కలిసి తలుపులు చేసే పని పెట్టుకున్నాడు. ఒకరోజు మాటామాటా పెరిగి, చేతిలో ఉన్న సుత్తితో బావమరిదిని కొట్టాడు. ఒక్కటే దెబ్బ, ప్రాణం పోయింది. భార్య చిన్నపిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికి వెళ్ళిందో చెప్పలేదు, ఒక్కసారీ చూడ్డానికి రాలేదు. "రాకపోవడంలో తప్పేముందమ్మా? పోయింది ఆమె తమ్ముడు" అనేవాడు. క్లాసు పెట్టిన కొత్తలోనే ఆయన కూతుర్ని వేశాడు. కొలతల మనిషి గనక బొమ్మ ఎక్కడా వంకరపోలేదు. రెండు పిలకలు, ముందు పన్ను లేని నోరు. ఆ పన్ను గోడమీదే మొలిచింది. పిలకలు జడయ్యాయి. మొటిమలు వచ్చాయి, పోయాయి. ఒక ఏడాది ఎడమ కనుబొమ్మ మీద కుట్లు కనిపిస్తే, ఆ నెలంతా ఆయన తిండి సరిగ్గా తినలేదు. కుట్లు పోయి సన్నటి గీత మిగిలింది. ఇప్పుడా అమ్మాయికి పెళ్ళీడు. ఈమధ్య లేత నీలం కోటు వేసుకుంటోంది. ఏ ఉద్యోగమో మాత్రం అంతుపట్టలేదు. బొమ్మ భుజాల దాకానే ఉంది మరి.

టీచరుకి ఆ మధ్య దగ్గరి చూపు తగ్గింది. కాగితాన్ని చెయ్యి చాచి పట్టుకుంటే గానీ గీత కనిపించడంలేదు. ప్రదర్శన నెత్తిమీద ఉంది గనక ఆలస్యం చెయ్యకుండా బస్సెక్కి నగరంలో ఒక కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. లోపల చిన్న చీకటి గదిలో ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. ఒకమ్మాయి వచ్చి, బరువైన ఇనప చట్రం ఒకటి ఆవిడ ముక్కుమీద పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే మార్చడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"ఇందాకే."

"ఇప్పుడండీ?"

అద్దం టక్కున పడింది. ఎదుటి మొహం ఒక్కసారిగా గీత గీతగా తేరుకుంది. లేత నీలం కోటు. ఎడమ కనుబొమ్మ మీద సన్నటి గీత. పై పెదవి కుడిపక్క కొద్దిగా పైకి లేచి ఉండటం. టీచరుకి ఆ మొహం తన మొహం కంటే బాగా తెలుసు. తన మొహాన్ని ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూసుకోలేదు.

"కనిపిస్తోందాండీ?" అని అడిగింది అమ్మాయి.

"కనిపిస్తోంది" అంది టీచరు. అంతకంటే ఒక్కముక్క ఎక్కువ మాట్లాడలేదు. ఖైదీల సంగతులు వాళ్ళ ఇంటివాళ్ళతో బయట మాట్లాడకూడదని జైలు నియమం. నియమం లేకపోయినా ఏమని మొదలుపెట్టాలి? కళ్ళజోడు తయారవడానికి వారం పడుతుందన్నారు. తల ఊపి వచ్చేసింది.

మర్నాడు క్లాసయ్యాక వడ్రంగిని ఆగమంది. చూసిందంతా చెప్పింది. ఆయన బల్లమీద పడ్డ పెన్సిలు పొట్టు చేత్తో కూడదీస్తూ విన్నాడు.

"బాగుందా?" అన్నాడు.

"బాగుంది. పని నేర్పుగా చేస్తోంది."

"కళ్ళు చూసే ఉద్యోగమా!" కాసేపు ఆ మాటనే నమిలాడు. "చాలమ్మా. ఏమీ చెప్పొద్దు. నేను ఎలాగూ చూస్తూనే ఉన్నాను. తనని నెమ్మదిగా ఉండనివ్వండి."

"పోయినసారి మిమ్మల్ని ఎందుకు వదల్లేదో మర్చిపోయారా?"

మర్చిపోలేదు. మంచి నడవడి ఉన్న పాత ఖైదీల్ని ముందే వదిలే కమిటీ ఒకటి ఏటా కూర్చుంటుంది. కిందటిసారి ఆయన వంతు వస్తే, బయట బాధ్యత తీసుకునే మనిషి ఎవరూ లేరని పక్కనపెట్టారు. అంతకుముందూ అంతే.

"అందుకని దాని నెత్తిన ఎక్కమంటారా?" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే వర్క్‌షాపులో ఉలి జారి ఆయన బొటనవేలు తెగింది. ఎప్పుడూ లేనిది. డాక్టరు వచ్చేదాకా రక్తం ఆగలేదు. గొడవ విని పరుగున వచ్చిన టీచరు, సంచిలో ఉన్న కుంచెలు తుడిచే గుడ్డల్లో కాస్త శుభ్రంగా ఉన్నది చింపి వేలికి చుట్టింది. అలవాటులేని పని, కట్టు ఎత్తుపల్లాలుగా వచ్చింది. గుడ్డమీద ఓ పక్కన నీలం మరక. డాక్టరు వచ్చి చూసి, రక్తం ఆగింది గదా, వారం పదిరోజులు దాన్ని కదపొద్దని వెళ్ళిపోయాడు.

కళ్ళజోడు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు షాపులో జనం లేరు. ఆ అమ్మాయే ఉంది. జోడు తొడిగి, చెవుల వెనక కొంచెం వంచి సరిచేస్తూ, టీచరు చేతివేళ్ళ వంక చూసింది. గోళ్ళ సందుల్లో బొగ్గు నలుపు.

"మీరు బొమ్మలు వేస్తారాండీ?"

"వేస్తాను. నేర్పుతాను కూడా."

"ఏ స్కూల్లో?"

"స్కూలు కాదమ్మా. జైల్లో."

అమ్మాయి చేతులు ఆవిడ చెవుల దగ్గరే ఆగిపోయాయి. తర్వాత మెల్లగా తీసుకుంది. గుమ్మం వంక ఒకసారి చూసి, కౌంటరు కింద సొరుగు లాగి, అట్టముక్కల మధ్య పెట్టిన ఒక కాగితం తీసింది.

చిన్నపిల్ల వేసిన క్రేయాన్ బొమ్మ అది. తలకాయ గుండ్రం, చెవులు జల్లెళ్ళంత, కాళ్ళు చేతులు పుల్లలు. కానీ నల్లగా పులిమిన జుట్టు మీద తెల్లటి గీతలు ఉన్నాయి. నుదుటిమీద రెండు ముడతలు.

"మా నాన్న. నాకు నాలుగేళ్ళప్పుడు వేశాను. నాన్న పోయాడని అమ్మ చెప్పింది" అంది అమ్మాయి. "పోయినవాళ్ళ బొమ్మలకి జుట్టు నెరవదు కదండీ. ఎక్కడో ఉన్నాడని తెలుసు. ఎక్కడో మాత్రం తెలీదు. తెల్లబట్టలే వేసుకుంటాడు ఎప్పుడూ. ఆస్పత్రా, జైలా అని అనుకుంటూ ఉంటాను." వేలితో చూపించింది. "చూడండి, వారం కిందట ఏదో తగిలింది. కట్టు కట్టారు. ఎవరు కట్టారో గానీ శుద్ధ తెలివితక్కువగా కట్టారు. దానిమీద ఈ నీలం ఏమిటో కూడా అర్థం కావట్లేదు."

పుల్లలాంటి బొటనవేలి చివర తెల్లటి ముద్ద, దానిమీద నీలం చుక్క.

"నేనే కట్టాను" అంది టీచరు.

అనేశాక గానీ తను అన్నది ఆవిడకి వినబడలేదు. అమ్మాయి ఎత్తు స్టూలు మీద కూర్చుండిపోయింది. ఎవరో కస్టమరు లోపలికి వచ్చి, ఇద్దర్నీ చూసి, ఏదో తప్పు వేళకి వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయాడు.

"మామయ్య కూడా అప్పుడే పోయాడు. అంటే మామయ్యని నాన్నే..." అంది చివరికి.

"అవునమ్మా."

"నాకు మామయ్య గుర్తున్నాడండీ. భుజాల మీద ఎక్కించుకుని బజారంతా తిప్పేవాడు. నాన్న కంటే ఆయనే ఎక్కువ గుర్తు." కాగితాన్ని మళ్ళీ అట్టల మధ్య పెట్టింది. "నాకు కొంచెం టైము కావాలి."

టీచరు మర్నాడు సూపరింటెండెంటుకి జరిగింది జరిగినట్టు చెప్పి, నియమం తప్పానంది. ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు. "మీరు చెప్పలేదు మేడమ్, బొమ్మ చెప్పింది. బొమ్మకి నియమాలేముంటాయి" అన్నాడు.

వారం గడిచింది, ఎవరూ రాలేదు. వడ్రంగి ఏమీ అడగలేదు గానీ, గోడమీద బొమ్మ ముందు నిలబడేసరికి ఆయనకే తెలిసిపోయింది. అమ్మాయి కళ్ళకింద నలుపు. "నిద్రపోవట్లేదు. చెప్పేశారన్నమాట" అన్నాడు. కోప్పడలేదు. ఆవేళ ఒక్క గీత కూడా గియ్యకుండా కూర్చున్నాడు.

ఆ తర్వాతి వారం అమ్మాయి వచ్చింది. ఒక్కతే వచ్చింది. గేటు దగ్గర చిక్కొచ్చి పడింది. తల్లి స్కూల్లో వేసేటప్పుడు తండ్రి పేరు బదులు తాత పేరు రాయించింది. ఈమె ఖైదీ కూతురే అనడానికి ఏ ఆధారమూ లేదు. సూపరింటెండెంటు ఇద్దర్నీ పిలిపించి, రెండు బొమ్మల్నీ తన గదికి తెప్పించాడు. ముందు వడ్రంగి వేలు చూశాడు. కట్టు తీసేశారు, గోరు సగం నల్లబడి ఉంది. క్రేయాన్ బొమ్మలోనూ సగం నలుపు. తర్వాత గోడనుంచి తెచ్చిన బొమ్మకేసి, అమ్మాయికేసి మార్చి మార్చి చూశాడు. బొమ్మలో కోటుకి పై గుండీ లేదు. అమ్మాయి కంగారుగా తన కోటు తడుముకుంది.

"బస్సులో ఊడిపోయినట్టుంది" అంది.

"సరే, సరిపోయింది" అని ఆయన లేచి, వాళ్ళని మాట్లాడుకోనిచ్చి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

తండ్రీ కూతురూ చాలాసేపు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కొత్తవాళ్ళు చూసుకున్నట్టు కాదు. ఊరినుంచి వచ్చినవాళ్ళని ఏం చిక్కారో ఏం మారారో అని చూసినట్టు చూసుకున్నారు. మొదట ఆయనే మాట్లాడాడు.

"ఆ కనుబొమ్మ మీద కుట్లు ఎలా పడ్డాయమ్మా?"

"సైకిల్ మీంచి పడ్డాను."

"సైకిలా! నేను కుర్చీ కోడు తగిలిందేమో అనుకున్నాను." ఇన్నేళ్ళ అనుమానం తీరినట్టు ఊపిరి వదిలాడు.

అమ్మాయి తల వంచుకుంది. "మామయ్య సంగతి నేను మర్చిపోలేను నాన్నా."

"మర్చిపోవద్దు. నేనూ మర్చిపోలేదు."

"అమ్మకి చెప్పే వచ్చాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న పొద్దున నా జడ వేస్తూ, 'జుట్టంతా నెరిసిపోయిందా, ముందువైపేనా?' అని అడిగింది. అంతే."

ఆయన చేత్తో తల తడుముకున్నాడు. "వెనక ఇంకా కాస్త నల్లగానే ఉంది" అన్నాడు.

కమిటీ కూర్చునే రోజు దగ్గరపడింది. తండ్రి బాధ్యత తను తీసుకుంటానని అమ్మాయి చెప్పింది. కమిటీలో ఒకాయన గట్టివాడు. బంధుత్వానికి బొమ్మే సాక్ష్యమైతే, దాన్ని ఎవరూ దిద్దలేదని నేర్పిన టీచరే వచ్చి ఎదురుగా చెప్పాలన్నాడు. సరిగ్గా అదే రోజున గ్యాలరీలో బొమ్మలు వేలాడదియ్యాలి. ఎక్కడ ఏది ఉండాలో దగ్గరుండి చెప్పాలని గ్యాలరీ ఆవిడ ముందే ఖచ్చితంగా చెప్పి ఉంది. ఫోను చేసి రోజు మార్చమంటే, మార్చడం కుదరదు, మీరు రాకపోతే హాలు ఇంకొకరికి ఇచ్చేస్తానంది.

టీచరు మెట్లమీద కూర్చుంది. ఫ్రేములాయన ఆఖరి కాన్వాసుకి మూలలు బిగిస్తున్నాడు. చాలాకాలం తర్వాత వచ్చిన అవకాశం ఇది. వదిలితే మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. అటు చూస్తే, కమిటీ మళ్ళీ ఏడాదికి గానీ కూర్చోదు.

"నువ్వు లేకుండా నీ బొమ్మలు గోడమీద ఉండగలవు" అన్నాడాయన, స్క్రూ తిప్పుతూనే. "నువ్వు లేకుండా అక్కడ అతని మాట ఉండదు. వ్యానులో నేను వెళతాలే."

ఆవిడ జైలుకే వెళ్ళింది. పొడుగాటి బల్ల వెనక కూర్చున్నవాళ్ళు ఒకటే అడిగారు: ఈ బొమ్మమీద మీ చెయ్యి ఎప్పుడైనా పడిందా?

"ఒకసారి దిద్దబోయానండీ, మొదట్లో" అంది ఆవిడ. "చెవి కొంచెం కిందికి ఉందనిపించింది. ఆయన ఒప్పుకోలేదు. మా అమ్మాయి చెవి అక్కడే ఉంటుందన్నాడు."

అందరూ కుర్చీలో కూర్చున్న అమ్మాయి చెవివంక చూశారు. తర్వాత గట్టాయన తల ఊపాడు.

ఫ్రేములాయన సాయంత్రం వ్యానులో సగం పైగా బొమ్మలు వెనక్కి తెచ్చాడు. పెద్ద హాలు పోయింది. గ్యాలరీ ఆవిడ మనసు మెత్తబడి కొన్నిటిని మాత్రం మెట్ల పక్కన పెట్టనిచ్చింది.

"మెట్ల దగ్గర మంచిదే" అన్నాడాయన. "పైకెక్కి అలిసిపోయి అందరూ అక్కడే ఆగుతున్నారు. ఆగాక చూడక ఏంచేస్తారు?"

ఆవిడ నవ్వింది గానీ, ఆ రాత్రి భోజనం సగంలో లేచింది. పోయిందేమిటో ఆవిడకి తెలుసు. పొద్దున్నే లేచి, వెనక్కి వచ్చిన కాన్వాసుల్ని గోడకి వరసగా ఆనించి, ఒక్కొక్కటే కొత్త కళ్ళజోడుతో చూసింది. చక్కగానే ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేరన్న మాట కూడా నిజమే.

వడ్రంగి వర్షాలు తగ్గాక బయటికి వచ్చాడు. కూతురు షాపు ఉన్న సందులోనే ఆయనకి ఒక గది చూసింది. తల్లి ఆ గడప తొక్కలేదు. తొక్కమని ఎవరూ అడగలేదు. విడుదలైన ఖైదీని టీచరు కలవకూడదు, ఉత్తరం రాయకూడదు. ఆవిడ కలవలేదు. ఆవిడ బదులు జైలుకి ఇంకొకరు ఎవరూ దొరకలేదు గనక, సూపరింటెండెంటుతో మాట్లాడి వారానికి రెండు రోజులకి ఒప్పుకుంది. మూడోరోజు ఫోను చేస్తే ఎత్తనని గట్టిగా చెప్పి, నిజంగానే ఎత్తడం మానేసింది.

క్లాసులో వడ్రంగి కూర్చునే చోట ఇంకెవరో కూర్చున్నారు. పెన్సిలు పొట్టు బల్లమీదే ఉండిపోతోంది. బొమ్మ బాగా వస్తే మాట్లాడకుండా గొంతు సవరించుకునే మనిషి లేడు. ఆవిడ గీత ఎలా ఉందో చెబుతూ చెబుతూ ఆ సవరింపు కోసం ఆగేది, రాకపోతే మళ్ళీ చెప్పుకుపోయేది. ఇంట్లో ఒక బొమ్మల రోజున కుర్చీ వెయ్యాలని కూర్చుని, దానిమీద ఆయన్ని వేసింది.

ఎన్నాళ్ళకో వేస్తున్న మనిషి. చేతులు తొందరగానే వచ్చాయి. నుదురే ఏడిపించింది. ఎండ తగలని మనుషుల చర్మానికి ఒక రంగుంటుంది, తెలుపూ కాదు, పసుపూ కాదు, ఉడికించి చల్లార్చిన దానిలా ఉంటుంది. ఆ రంగు కలపడానికే ఎన్నో ఉదయాలు పట్టాయి. చివరికి సరిగ్గా కుదిరింది. అంత బాగా కుదిరిన రంగు తన జన్మలో లేదనుకుంది. కుంచెలు కడిగేసుకుని జైలు రోజులకి వెళ్ళిపోయింది.

తిరిగి పైకి వెళ్ళి చూస్తే ఆ నుదురు పాడైపోయి ఉంది. తను కలిపిన రంగు ఎక్కడా లేదు. ఇటుకపొడి చల్లినట్టు ఎర్రగా, కణతల దగ్గర ఇంకా ముదురుగా ఉంది. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"ఏమండీ! ఈ బొమ్మని ముట్టుకున్నారా?"

ఫ్రేములాయన చేతి జిగురు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. దగ్గరికి వెళ్ళి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు.

"నేనెందుకు ముట్టుకుంటాను? ఆరుబయట పని దొరికినట్టుంది. మొదట్లో ఎవరికైనా అలాగే కములుతుంది" అని, కింద ఎవరో పిలుస్తుంటే దిగి వెళ్ళిపోయాడు.

ఆవిడ కుంచె అందుకోబోయి ఆగింది. కుర్చీ లాక్కుని బొమ్మకి ఎదురుగా కూర్చుంది. ముక్కు చివర తోలు అప్పుడే కొద్దిగా లేస్తోంది.